వెలుగు నీళ్లలోకి దిగితే

కాంతి వేగం ఎంత అని బడిపిల్లల్ని అడిగితే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లని తడుముకోకుండా చెబుతారు. కచ్చితంగా లెక్క కట్టాలంటే 2,99,792 కిలోమీటర్ల 458 మీటర్లు. 1983లో మీటరు నిర్వచనాన్నే ఈ సంఖ్య మీద నిలబెట్టారు కాబట్టి ఇక అది మారేది కాదు. అయితే ఈ వేగం శూన్యంలోది. దారిలో ఏదైనా పదార్థం ఎదురైతే లెక్క వేరు. గాలిలో సెకనుకు ఎనభై తొంభై కిలోమీటర్లు తగ్గుతుంది. నీళ్లలో దాదాపు 2,25,000 కిలోమీటర్లకు పడిపోతుంది. మామూలు గాజులో రెండు లక్షలు. వజ్రంలో 1,24,000 మాత్రమే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ఒకప్పుడు తవ్వి తీసిన వజ్రాలకు ఆ ధగధగ రావడానికి ముఖ్య కారణం ఇదే. లోపల అంతగా నెమ్మదించిన కాంతి, ముఖాల దగ్గర బయటపడలేక లోపల్లోపలే తిరిగి తిరిగి, చివరికి చూసేవాళ్ల కళ్ల వైపుకే వస్తుంది.

శూన్యంలోని వేగాన్ని పదార్థంలోని వేగంతో భాగిస్తే వచ్చేదే వక్రీభవన గుణకం. నీటికి 1.33, గాజుకు 1.5, వజ్రానికి 2.42. పాఠ్యపుస్తకంలో ఇది పొడిపొడి అంకెల పట్టికలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ఆ పట్టికలో ఒక్కో అంకె ఒక్కో పదార్థం తన లోపలి సంగతి తానే చెప్పుకోవడం. కాంతి వేగం మారినప్పుడల్లా మనకు తెలిసేది కాంతి గురించి కన్నా, అది దాటివచ్చిన వస్తువు గురించే ఎక్కువ. ఈ మాట ఎందుకంటున్నానో వివరించే ముందు, అసలు కాంతి నీళ్లలో నెమ్మదిస్తుందని మనిషికి ఎలా రూఢి అయిందో చెప్పాలి. ఆ కథ పారిస్ నగరంలోది.

గాలిలోంచి నీళ్లలోకి ఏటవాలుగా దిగిన కాంతికిరణం వంగుతుందని చాలా కాలంగా అందరికీ తెలుసు. ఎందుకు వంగుతుందన్న దగ్గరే పెద్దలు రెండుగా చీలిపోయారు. కాంతి అంటే సూక్ష్మమైన కణాల ధార అన్నాడు న్యూటన్. నీరు ఆ కణాలను తనవైపు లాక్కుంటుంది, ఆ లాగుడుకు వాటి వేగం పెరుగుతుంది, దారి వంగుతుంది. కాంతి అంటే అల అన్నాడు డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్. నీళ్లలో అల నెమ్మదిస్తుంది కాబట్టి వంగుతుంది. గట్టు మీంచి బురదచేలోకి ఏటవాలుగా దిగే ఎడ్లబండిని గుర్తు చేసుకోండి. ముందు ఒక చక్రం బురదలో పడి నెమ్మదిస్తుంది. రెండోది ఇంకా గట్టినేల మీద పాత వేగంతోనే దొర్లుతుంది. దాంతో బండి ముఖమే పక్కకు తిరుగుతుంది. హైగెన్స్ చెప్పిన అల కూడా అలాగే తిరుగుతుంది.

రెండు సిద్ధాంతాలూ వంపును సరిగ్గానే లెక్కగట్టాయి. కిరణం వంగిన కోణాన్ని ఎంత నిశితంగా కొలిచినా ఎవరిది తప్పో తేలదు. తేడా ఒక్కటే: న్యూటన్ లెక్కలో నీళ్లలో కాంతి వేగం పెరగాలి, హైగెన్స్ లెక్కలో తగ్గాలి. హైగెన్స్ గ్రంథం 1690లోనూ, న్యూటన్ ఆప్టిక్స్ 1704లోనూ వెలువడ్డాయి. ఆ తరవాత ఒకటిన్నర శతాబ్దం గడిచినా ఈ పోటీని తేల్చే కొలత ఒక్కటీ రాలేదు.

1838లో ఫ్రాన్సువా అరాగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి ఒక ఉపాయం చెప్పాడు. వేగం ఎంతో కొలవక్కర్లేదు, రెండు కిరణాల్లో ఏది ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే చాలన్నాడు. ఒక కిరణాన్ని గాలిలోంచీ మరొకదాన్ని నీళ్లలోంచీ పంపి, రెంటినీ గిరగిరా తిరిగే ఒక చిన్న అద్దం మీద పడనివ్వాలి. ఆలస్యంగా వచ్చిన కిరణానికి ఆ లోపల అద్దం మరికాస్త తిరిగి ఉంటుంది కాబట్టి, అది ఇంకొంచెం పక్కకు పడుతుంది. ఇంగ్లండులో వీట్‌స్టన్ అంతకు కొన్నేళ్ల ముందే విద్యుత్తు వేగం కొలవడానికి తిరిగే అద్దం వాడి ఉన్నాడు. అరాగో ఆలోచనకు అదే పునాది. కానీ అంత వేగంగా తిరిగే అద్దాలు చేయించడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా అరాగో కంటిచూపు మందగించింది. క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవని మెరుపును పట్టుకోవలసిన ప్రయోగం అది. చూపు పోతున్న మనిషి చేయగలిగిన పని కాదు. తన ఆలోచనను చేపట్టదలచినవాళ్లు చేపట్టవచ్చని అరాగో పారిస్ సైన్స్ అకాడమీలోనే అందరి ముందూ ఒప్పుకున్నాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో నాకు ఎంతో గౌరవం కలిగించే ఘట్టాల్లో ఇది ఒకటి.

ఆ పనికి ముందుకొచ్చినవాళ్లు ఇద్దరు యువకులు, ఫూకో, ఫిజో. ఒకప్పుడు కలిసి పనిచేసిన స్నేహితులే, అప్పటికి విడిపోయి ఎవరి ప్రయోగశాల వాళ్లు పెట్టుకున్నారు. వైద్యం చదువుతూ, నెత్తురు చూడలేక మానేసిన మనిషి ఫూకో. ఆయన ఒక చిన్న ఆవిరి టర్బైనుకు అద్దం బిగించి సెకనుకు కొన్ని వందల చుట్లు తిప్పాడు. ఎండను ఆ అద్దం మీదకు మళ్లించాడు. కొద్ది మీటర్ల దూరంలో మరి రెండు అద్దాలు పెట్టి, ఒకదాని దారిలో మూడు మీటర్ల పొడవున్న నీళ్ల గొట్టం అమర్చాడు. గాలిలోంచి తిరిగి వచ్చిన వెలుగు తెల్లగా, నీళ్లలోంచి వచ్చినది మసకగా, ఆకుపచ్చగా కనబడింది. దేన్ని చూస్తున్నామో పోల్చుకోవడానికి ఆ రంగే గుర్తు. నీళ్లలోంచి వచ్చిన ఆ ఆకుపచ్చ గీత రెండోదానికన్నా ఎక్కువ పక్కకు జరిగి పడింది. అంటే అది ఆలస్యంగా వచ్చింది. ఎంత ఆలస్యం? మనం ఇవాళ లెక్కగట్టి చూస్తే సెకనులో దాదాపు 15 కోట్లవ వంతు. 1850లో, ఎలక్ట్రానిక్స్ అన్న ఊసే లేని రోజుల్లో, ఆవిరితో తిరిగే ఒక చిన్న అద్దం అంతటి సూక్ష్మమైన తేడాను కంటికి చూపించింది.

1850 మే 6న ఫూకో తన ఫలితాన్ని పారిస్ అకాడమీ ముందు పెట్టాడు. ఫిజో కూడా అదే సమయానికి పరికరం సిద్ధం చేసుకున్నాడు గానీ ఎండ అనుకూలించలేదు. కొన్ని వారాలకు ఆయనకూ అదే ఫలితం వచ్చింది. నీళ్లలో కాంతి నెమ్మదిస్తుంది. ఈ విషయంలో న్యూటన్ పొరబడ్డాడు. అరాగో 1853లో కన్నుమూశాడు. తన ప్రశ్నకు జవాబు దొరికిందని తెలుసుకునే పోయాడు.

ఇక అసలు ప్రశ్న. కాంతి ఎందుకు నెమ్మదిస్తుంది? అణువులను ఢీకొంటూ, ఒక అణువు మింగి మళ్లీ ఉమిసేలోగా కాస్త కాస్త ఆలస్యమవుతూ పోతుందని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ అది నిజం కాదు. అదే జరిగితే అణువులు కాంతిని తలో దిక్కుకూ చిమ్మేవి, గాజు పాలలా తెల్లగా, మసకగా ఉండేది. కిటికీ అద్దంలోంచి వీధి ఇంత స్పష్టంగా కనిపించేది కాదు.

జరిగేది ఇది. కాంతి అంటే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల అల. అది గాజులో ప్రవేశించగానే అక్కడి ఎలక్ట్రాన్లను అదే లయలో ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాను ఊరికే ఉండదు, తానూ ఒక చిన్న అలను పుట్టిస్తుంది. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు పుట్టించిన ఈ అలలన్నీ వచ్చిన అలతో కలిసిపోతాయి. ఎలక్ట్రాను అణువుకు కట్టుబడి ఉన్నది కాబట్టి దాని అల కాస్త వెనకబడి పుడుతుంది. ఈ మొత్తాన్ని కలిపి చూస్తే అల శిఖరాలు, గాజు లేకపోతే ఉండవలసిన చోటికన్నా వెనక కనిపిస్తాయి. ఆ వెనకబాటునే మనం నెమ్మది అంటున్నాం. అణువుకూ అణువుకూ మధ్య ప్రతి చిన్న అలా శూన్యంలోని వేగంతోనే పోతుంది, ఏదీ అలసిపోదు. గాజు దాటి బయటికి రాగానే ఎలక్ట్రాన్ల జవాబు ఆగిపోతుంది, కాంతి వెంటనే పాత వేగం అందుకుంటుంది. మళ్లీ వేగం పుంజుకోవడానికి శక్తి ఎక్కడిదని పిల్లలు అడుగుతుంటారు. చాలా మంచి ప్రశ్న. శక్తి పోలేదు కనుక మళ్లీ తెచ్చుకోవలసిన అవసరమూ లేదు.

ఇంకొక సంగతి. ఒక్కో ఎలక్ట్రానుకు తనకు అనువైన ఊపు ఒకటి ఉంటుంది. గాజులో అది అతినీలలోహిత కాంతి ప్రాంతంలో ఉంది. ఎరుపుకన్నా నీలం ఆ ఊపుకు దగ్గర. అందుకే నీలం రంగుకు ఎలక్ట్రాన్లు మరింత గట్టిగా స్పందిస్తాయి, నీలం మరికాస్త నెమ్మదిస్తుంది, మరికాస్త వంగుతుంది. నీటిలో ఎరుపుకూ ఊదాకూ వేగంలో ఉన్న తేడా నూటికి ఒక వంతు. ఆకాశంలో ఇంద్రధనుస్సు విచ్చుకోవడానికి ఆ ఒక్క వంతే చాలు.

పదార్థం తన సంగతి చెప్పుకుంటుందన్నానే, దానికి సాక్ష్యం చెరకు తోటల్లోనే ఉంది. చక్కెర మిల్లుల్లో, ద్రాక్ష తోటల్లో బ్రిక్స్ మీటరు అని చేతిలో పట్టే చిన్న పరికరం వాడతారు. రసం ఒక చుక్క దాని మీద వేసి వెలుతురుకు పెట్టి చూస్తే చక్కెర శాతం తెలిసిపోతుంది. నీటి వక్రీభవన గుణకం 1.333. అందులో నూటికి 20 పాళ్లు చక్కెర ఉంటే 1.364. అంటే తీపి పెరిగేకొద్దీ ఆ చుక్కలో కాంతి సెకనుకు వేల కిలోమీటర్ల చొప్పున నెమ్మదిస్తుంది. పంట కోతకు వచ్చిందా, ఇంకా వారం ఆగాలా అనే నిర్ణయం ఆ వేగం మీద ఆధారపడుతుంది. కళ్లద్దాల దుకాణంలో హై ఇండెక్స్ లెన్సు తీసుకోమంటే దాని అర్థమూ ఇదే. కాంతి మరింత నెమ్మదించే ప్లాస్టిక్‌తో చేసిన లెన్సుకు వంపు తక్కువ చాలు, కాబట్టి ఎక్కువ పవరు ఉన్నవాళ్లకు కూడా అద్దం పల్చగా వస్తుంది. బావిలో మునిగి కళ్లు తెరిస్తే అంతా అలికేసినట్టు కనబడటం ఈత వచ్చినవాళ్లందరికీ అనుభవమే. కంటి ముందుపొర గుణకం 1.376, నీటిది 1.33. రెంటికీ తేడా తక్కువ, కాంతి వంగేది తక్కువ, బొమ్మ రెటీనా మీద కుదరదు. ఈత కళ్లజోడు చేసే పని కంటి ముందు కాస్త గాలిని నిలబెట్టడమే.

ఇక మే నెలలో తారు రోడ్డు మీద కనబడే ఎండమావి. రోడ్డును అంటుకున్న గాలి బాగా వేడెక్కి పల్చబడుతుంది, అక్కడ కాంతి కాస్త వేగంగా పోతుంది. ముప్పై అయిదు డిగ్రీల గాలికీ అరవై డిగ్రీల గాలికీ కాంతి వేగంలో తేడా సెకనుకు అయిదారు కిలోమీటర్లే. మూడు లక్షల్లో అయిదారు! అంత మాత్రానికే ఆకాశం రోడ్డు మీద నీళ్లలా కనబడుతుంది.

మీరు ఇప్పుడు వింటున్న మాట కూడా మీ రేడియో దాకా వచ్చింది ఒక రకం కాంతి మీదే. రేడియో తరంగానికీ కంటికి కనిపించే వెలుగుకూ జాతి ఒకటే, ఊపులో తేడా. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ అంటే క్షేత్రం సెకనుకు 8,37,000 సార్లు ఊగుతుంది. ఆకుపచ్చ వెలుగైతే అయిదు కోట్ల కోట్ల సార్లకు పైగా. ఈ తేడా నీళ్ల దగ్గర బయటపడుతుంది. నీటి అణువుకు ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఉంటాయి. వెలుగు ఊపును అందుకునేంత చురుకుగా అణువు తిరగలేదు, ఎలక్ట్రాన్లు మాత్రమే ఊగుతాయి. రేడియో ఊపు నెమ్మది కాబట్టి అణువు అణువంతా తిరుగుతుంది, జవాబు ఎన్నో రెట్లు బలంగా వస్తుంది. ఫలితంగా అదే నీటిలో రేడియో తరంగం సెకనుకు 33,000 కిలోమీటర్లకు, అంటే శూన్యంలోని వేగంలో దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. నీరు ఒకటే, అడిగే తీరును బట్టి జవాబు మారింది. పొడి ఇసుకలో రేడియో తరంగం వేగం శూన్యంలో దానిలో సగం ఉంటే, బాగా తడిసిన నేలలో అయిదో వంతుకు తగ్గుతుంది. పొలంలో తేమ కొలిచే కొన్ని పరికరాలు ఈ ఆలస్యాన్నే చదువుతాయి.

పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న అయనోవరణాన్ని దాటేటప్పుడు ఉపగ్రహాల సంకేతాలకూ ఆలస్యం తప్పదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన దేశం మీద ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. దిద్దుకోకపోతే ఫోనులో చూపించే చోటు మీటర్ల కొద్దీ తప్పుతుంది. ఈ ఆలస్యం తరంగం ఊపును బట్టి మారుతుంది కాబట్టి మన నావిక్ ఉపగ్రహాలు రెండు వేరు వేరు ఊపుల మీద సంకేతాలు పంపుతాయి. రెంటి ఆలస్యాలనూ పోల్చి, తప్పు ఎంతో లెక్కగట్టి తీసేస్తారు.

వేగం అనే మాటతోనే ఒక చిక్కు ఉంది. అమెరికాలో మైకెల్సన్ 1880లలో కార్బన్ డైసల్ఫైడ్ అనే ద్రవంలో కాంతి వేగాన్ని కొలిచాడు. వక్రీభవన గుణకం ప్రకారం గాలిలో వేగం ఆ ద్రవంలో వేగానికి సుమారు 1.64 రెట్లుండాలి. ఆయనకు 1.76 వచ్చింది. కొలతలో తప్పు లేదు. వక్రీభవన గుణకం చెప్పేది అల శిఖరం కదిలే దశా వేగం. మైకెల్సన్ పంపింది తుంపులు తుంపులుగా తెగిన వెలుగు. ఒక్కో తుంపులో ఎన్నో రంగుల అలలు కలగలిసి ఉంటాయి, ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది కాబట్టి తుంపు మొత్తం ఇంకా నెమ్మదిగా కదులుతుంది. దాన్ని సమూహ వేగం అంటారు. 1999లో లేనె హౌ అనే డెన్మార్కు శాస్త్రవేత్త అమెరికాలో, పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరచిన సోడియం పరమాణువుల మబ్బులో వెలుగును సెకనుకు 17 మీటర్లకు తగ్గించిందని చదివినప్పుడు, అది సమూహ వేగమని గుర్తు పెట్టుకోవాలి. గంటకు 61 కిలోమీటర్లు, మన పాసింజరు రైలు అందుకోగల వేగం.

కాంతి నెమ్మదించిన చోట దాన్ని మించి పోయేవి కూడా ఉంటాయి. కాంతిని ఏదీ దాటలేదన్న నియమం శూన్యంలోని వేగానికి వర్తించేది, నీళ్లలోని వేగానికి కాదు. 1930లలో సోవియట్ యూనియన్‌లో చెరెంకోవ్ అనే యువకుడు తన గురువు వావిలోవ్ దగ్గర, రేడియోధార్మిక కిరణాలు సోకిన ద్రవాల్లో వచ్చే అతి మసక వెలుగును పరిశీలించాడు. కళ్లు ఆ మసకకు అలవాటు పడటానికి పని మొదలుపెట్టే ముందు గంటకు పైగా చీకట్లో కూర్చునేవాడు. ఆ నీలి వెలుగు, ద్రవంలో కాంతి కంటే వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రాన్లది. 1937లో ఫ్రాంక్, టామ్ అనే శాస్త్రవేత్తలు దాని గణితం తేల్చారు. 1958లో చెరెంకోవ్‌తో పాటు వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. వావిలోవ్ అప్పటికే చనిపోయాడు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో మొదలైన మన తొలి అణు రియాక్టరు నీళ్లలో మునిగి ఇదే నీలి వెలుగుతో కనిపించేది. దానికి అప్సర అని పేరు పెట్టింది నెహ్రూ.

గాలిలోనూ ఆ వెలుగు పుడుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణం వాతావరణాన్ని తాకి కణాల జల్లును పుట్టిస్తే, వాటిలో కొన్ని గాలిలోని కాంతి వేగాన్ని మించుతాయి. ఆ మెరుపు ఉండేది సెకనులో వంద కోట్ల వంతుల్లో కొన్ని మాత్రమే. దాన్ని పట్టుకోవడానికి లడఖ్‌లోని హాన్లేలో 4,300 మీటర్ల ఎత్తున మేస్ అనే దూరదర్శిని కట్టారు, 2024లో అది ప్రారంభమైంది. అద్దం అడ్డకొలత 21 మీటర్లు. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి దాన్ని కట్టింది మన హైదరాబాదు ఈసీఐఎల్. శూన్యానికీ గాలికీ కాంతి వేగంలో ఉన్న ఆ ఎనభై తొంభై కిలోమీటర్ల తేడాయే లేకపోతే ఆ దూరదర్శినికి చూడటానికి ఏమీ ఉండదు.

ఆఖరుగా ఒక లెక్క. హైదరాబాదు నుంచి న్యూయార్క్ దాదాపు 13,000 కిలోమీటర్లు. అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోనులో మాట్లాడుతుంటే మన మాట ఆ దూరంలో చాలా భాగం సముద్రం అడుగున గాజు తీగలోంచి పోతుంది. తీగ తిన్నగా వేసినా గాజులో ఆ మాటకు ఒకవైపే 65 మిల్లీసెకన్లు పడుతుంది. అదే గాలిలో అయితే 43. అమెరికాలో షికాగోకూ న్యూయార్క్ ప్రాంతానికీ మధ్య షేర్ల వ్యాపారులు గాజు తీగను వదిలి మైక్రోవేవ్ టవర్లు కట్టుకున్నది ఈ తేడా కోసమే. ఇప్పుడు నడిమధ్య బోలుగా ఉండే కొత్త రకం తీగలు వస్తున్నాయి. గాజు గోడలు కాంతిని బయటికి పోనివ్వవు, కాంతి మాత్రం లోపలి గాలిలోనే దాదాపు పూర్తి వేగంతో పోతుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం ఈ పనిలో ముందు వరుసలో ఉంది. వేల కిలోమీటర్ల పొడవున ఆ బోలును ఎక్కడా నలగకుండా, ఒకే కొలతలో లాగడమే వాళ్ల ముందున్న కష్టం.